పనిముట్లు ఇచ్చారు సరే, పెట్టుకునే చోటు?

సంపాదకుల వారికి నమస్కారం.

రాజోలులో నలభై ఏళ్లుగా వడ్రంగి పని చేసుకుంటున్నవాణ్ని. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం కింద ఫలానా చోట ఇంతమందికి పనిముట్ల కిట్లు ఇచ్చారని పేపర్లో ఫొటోలు చూస్తుంటాను. మా మేనల్లుడు కూడా అలా తీసుకున్నవాడే. శిక్షణకి వెళ్లొచ్చాడు, రోజుకి 500 చొప్పున భత్యం వచ్చింది, 15,000 రూపాయల పనిముట్లూ వచ్చాయి. పథకాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజున అది మొదలైనప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. నా గొడవ వేరు.

కిందటి శ్రావణంలో వాళ్లింటికి భోజనానికి వెళ్తే కిట్టు మంచం కింద కనిపించింది. లాగి మూత తీశాను. ఉలులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముక్కాలంగుళం ఉలికి సుత్తి తగిలి మూలన పెచ్చు లేచింది. చిత్రిక అడుగున వేలితో రాస్తే ఎర్రగా అంటుకుంది. "ఇదేంట్రా?" అంటే, "ఎక్కడ పెట్టమంటావు మావయ్యా? పిల్లలు తీసేస్తున్నారని ఇలా తోశాను" అన్నాడు. వాడి తప్పేం లేదు. శిక్షణలో మెషిన్లు చూపించారు, ఫోన్లో డబ్బులు తీసుకోవడం కూడా నేర్పారంట. పని అయ్యాక ఉలి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

నాకు మాత్రం ఎవరు చెప్పారు? మా నాన్న నేల మీద కూర్చుని, కాలి బొటనవేలితో చెక్కని అదిమిపట్టి పనిచేసేవాడు. బల్లా లేదు, బీరువా లేదు. పనిముట్లన్నీ గోనెసంచిలో, సంచి చూరు కింద మేకుకి. నాకు మోకాళ్లు పట్టేశాక నిలబడి చేసుకోవడానికి బల్ల కట్టుకున్నాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 33 అంగుళాల ఎత్తు, పైన మూడంగుళాల మందం నల్లమద్ది పలకలు. దాని కింద, నేల మీద, ఇనప ట్రంకుపెట్టెలో పనిముట్లు.

2022 జులైలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా షెడ్డు ఏటిగట్టుకి లోపల, ఏటి వైపు ఉంది, మోకాలెత్తు నీళ్లు వచ్చేశాయి. ఆ పెట్టె కదపాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి. ఇంట్లో నేనూ మా ఆవిడే ఉన్నాం, ముందు బియ్యం, గేదె చూసుకున్నాం. ఐదో రోజున మూత తీస్తే అంతా బురద, తుప్పు. మా నాన్న వాడిన అరంగుళం ఉలి అందులోనే ఉంది. తుప్పు తిన్న గుంటలు పోవాలని సానరాయి మీద నూరి నూరి గోరంత ఇనుము అరగదీశాను. రెండు గుంటలు ఇంకా ఉండిపోయాయి. చూస్తే కనపడవు. చెక్క మీద నడిపితే మాత్రం వెనకాల వెంట్రుకంత సన్నగా రెండు గీతలు మిగులుస్తూ పోతుంది.

ఆ తర్వాత చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. వడ్రంగినై ఉండి రెడీమేడ్ బీరువా కొన్నాను. చేతిలో పని ఎక్కువగా ఉంది, ఎనిమిది వేలు పారేస్తే ఇంటికే వస్తుందన్నారు. వచ్చింది, బల్ల కింద పట్టింది, చూడ్డానికీ బాగుంది. అది చెక్క కాదు, పొట్టుకి జిగురు కలిపి అదిమిన పార్టికల్ బోర్డు. ఒక్క వానాకాలానికి అడుగు అంచులు నానేసిన అటుకుల్లా ఉబ్బాయి, స్క్రూలు పట్టు వదిలేశాయి. సొరుగులకి ఇనప చానెళ్లు. వంటింట్లో అవి హాయిగా జారతాయి, నేనే ఎన్ని ఇళ్లల్లో బిగించలేదు! మా షెడ్డులో అయితే రంపపు పొట్టు దూరి నెల తిరక్కుండానే కరకరమన్నాయి. ఇంకో తలనొప్పి, ఆ బీరువా బల్ల అడుగుకి ఆనుకుని కూర్చుంది. చెక్క కదలకుండా అంచున క్లాంపు బిగిద్దామంటే కింద చెయ్యి పట్టే సందు లేదు. పని బల్లకి బీరువా కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే, నేను చూసుకోలేదు.

అప్పుడు బుద్ధొచ్చి నాకు నేనే చేసుకున్నాను. పడగొట్టిన పెంకుటింటి టేకు తలుపులు రెండు 2,200కి దొరికాయి. బల్ల పలక అడుగు నుంచి నేలకి 30 అంగుళాలు. కింద 8 వదిలాను, పైన 8 వదిలాను, మధ్యలో 14 అంగుళాల బీరువా. బల్ల కాళ్ల మధ్య అడ్డపట్టెల మీద కూర్చుంటుంది. కిందది చెమ్మకీ, చెదలు పాకితే కంటికి కనపడ్డానికీ. పైది క్లాంపుల కోసం. బరువంతా కింద ఉండటంతో చిత్రిక ఎంత గట్టిగా తోసినా ఇప్పుడు బల్ల జరగదు. ఇంతకుముందు గోడకి ఇటుక అడ్డం పెట్టి తోసేవాణ్ని.

ఎడమ పక్క మూడు సొరుగులు. ఉలులది మూడంగుళాల లోతే. లోతు ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి పడేస్తాం, నేనైనా అంతే. ఒక్కో ఉలికి ఒక్కో గాడి తీశాను, ఏది లేకపోయినా ఖాళీ గాడి వెంటనే కనపడుతుంది. రెండోది మూలమట్టం, టేపు, ఆకురాళ్లకి. అన్నిటికంటే కిందది చిత్రికలకి. అందులో అడ్డంగా సన్న రీపరు ముక్క కొట్టాను, చిత్రిక ముందు భాగం దాని మీద ఆనితే బ్లేడు చెక్కకి తగలదు. కుడి పక్క తలుపు పెట్టిన అర డ్రిల్లుకీ, హ్యాండ్ కట్టరుకీ. తలుపు ఎందుకంటే, పొట్టు తేమ పీల్చుకుంటుంది. ఇనుము మీద పొట్టు పేరుకుందంటే తడిగుడ్డ కప్పినట్టే. సొరుగుకో ముద్దకర్పూరం బిళ్ల, వారానికోసారి మిషన్ ఆయిల్ గుడ్డ.

చానెళ్లు వద్దనుకున్నాను. సొరుగులు చెక్క పట్టెల మీదే జారతాయి, కొవ్వొత్తి రుద్దితే చాలు. ఎండాకాలంలో చేశాను కాబట్టి పైన ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సందు వదిలాను. వానాకాలంలో టేకు ఉబ్బి అది సగం మూసుకుంటుంది. వదలకపోతే ఆషాఢంలో సొరుగు ఇరుక్కుంటుంది, మళ్లీ తీయాలంటే దీపావళి రావాలి. చానెల్ లేకపోవడంలో అసలు లాభం ఇంకోటి ఉంది. సొరుగు లాగితే మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. మొదటిది విని ఊరుకుంటాను. రెండోది వినగానే మూడు సొరుగులూ ఊడలాగి అటక మీద పెట్టేస్తాను. పావుగంట పని, మా ఆవిడ నిచ్చెన పట్టుకుంటే చాలు. దసరాకి ఆయుధపూజలో కూడా సొరుగులనే తెచ్చి పీట మీద పెట్టి బొట్లు పెడుతున్నాం.

అధికారులకి నేను చెప్పాలనుకున్నది ఇది. పథకంలో మొదటి విడత శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, కావాలన్నవాళ్లకి తర్వాత పదిహేను రోజులది ఉంది. ఆ పదిహేనులో వడ్రంగులకి మూడు రోజులు ఇదే పని పెట్టండి. మనిషికో ఎనిమిది-నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు ఇవ్వండి, మా కోనసీమ లాంటి చోట నీటికి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నదే ఇవ్వండి. కొలవడం, గాడి తీయడం, మూల కలపడం, సొరుగు కూర్చడం అన్నీ ఆ ఒక్క వస్తువులోనే వస్తాయి. బొమ్మ తలుపు చేయించి మూల పడేసేకన్నా, చేసినవాడు ఇంటికి పట్టుకెళ్లేది చేయించడం మంచిది కదా.

ఇదంతా మా మేనల్లుడికి చెప్తే, "బాగానే ఉంది మావయ్యా, నాకు బల్లే లేదుగా, అద్దె ఇల్లు, రోజుకో సైటు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. వారం ఆలోచించి, మిగిలిన టేకుతో వాడికి గోడకి తగిలించే రెండడుగుల బీరువా చేశాను. పిల్లలకి అందని ఎత్తులో బిగించాం. అందులో ఉలుల సొరుగుకి మూత, పిడి పెట్టాను. పొద్దున్నే లాగి మూత బిగించి, బండి ముందు పెట్టుకుని సైటుకి పట్టుకుపోతున్నాడు.

శిక్షణ ఇచ్చేవాళ్లెవరైనా వచ్చి కొలతలు రాసుకోవచ్చు. మధ్యాహ్నం మూడు తర్వాత షెడ్డులోనే ఉంటాను. పెన్సిలు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నా దానికీ ఓ గాడి ఉంది, అక్కణ్నుంచి కదలనివ్వను.

— ఒక వడ్రంగి, రాజోలు, కోనసీమ