పూత చూడకుండా చెట్టుకు పేరు పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మన డెల్టాలో బడి ఆవరణల్లో, పార్కుల్లో, కాలువ గట్ల మీది నడక దారుల్లో చెట్లకు పేరు పలకలు కడుతున్నారు. మంచి పనే. అయితే చాలాచోట్ల వాటి మీద రాస్తున్నవి ఫోన్ యాప్ చెప్పిన పేర్లు, లేకపోతే మొక్క కొన్నప్పుడు నర్సరీవాళ్లు చెప్పిన పేర్లు. రేకు మీద పెయింటు పడ్డాక ఇక ఎవరూ దిద్దరు, పిల్లలు ఏళ్ల తరబడి అదే చదువుతారు. పలక రాయించే ముందు ఆ చెట్టు ఏ కుటుంబానిదో, అంటే పోలికలున్న మొక్కల ఏ పెద్ద గుంపులోదో, ఆకు, పువ్వు, కాయ మూడూ చూసి తేల్చుకోవాలన్నదే ఈ ఉత్తరంలోని మనవి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు అశోక. ఆఫీసు గేట్ల పక్కన కొమ్మలు కిందికి వాల్చుకుని కొరడాలా నిలబడే చెట్టు నరమామిడి. కడియం వైపు నర్సరీల్లో అడిగేవాళ్లూ అమ్మేవాళ్లూ దాన్ని అశోక అనే అంటారు. బేరం వరకు ఇబ్బంది లేదు. కానీ పలక మీద 'సరాకా అశోక' అని శాస్త్రీయ నామం కూడా ఎక్కించేస్తున్నారు. నరమామిడి ఆకు సరళ పత్రం, అంటే చిన్న ఆకులుగా విడిపోని ఒక్క ఆకు, అంచు అలలు తిరిగి ఉంటుంది. పూత ఆకుపచ్చగా ఉండటంతో ఎవరి కంటా పడదు. కోసి చూస్తే సన్నటి పూరేకులు ఆరు, మూడేసి చొప్పున రెండు వరసలు. నడుమ కాయలుగా మారే ఫలదళాలు విడివిడిగా చాలా ఉంటాయి. అందుకే ఒక్క పువ్వు నుంచే కాడలున్న కాయల గుత్తి దిగుతుంది. ఇది సీతాఫలం కుటుంబం, అనోనేసీ. సీతాఫలంలో ఆ ఫలదళాలన్నీ అతుక్కుని ఒకే పండవుతాయి, ఇక్కడ విడిగానే ఉండిపోతాయి. అసలు అశోకది సంయుక్త పత్రం, అంటే ఒకే ఆకు పత్రకాలనే చిన్న ఆకులుగా విడిపోయి ఉంటుంది. పత్రకాలు జతలు జతలుగా ఉంటాయి, లేత చిగుళ్లు మెత్తగా వేలాడతాయి. నారింజ రంగులో విచ్చుకుని ఎరుపు తిరిగే ఆ గుత్తుల్లో పూరేకులే ఉండవు, రంగంతా రక్షక పత్రాలది. కాయ చదునైన చిక్కుడు తరహా, కుటుంబం ఫాబేసీ. ఆయుర్వేదంలో వాడే అశోక బెరడులో నరమామిడి బెరడు కల్తీ జరుగుతుందన్నది తెలిసిన విషయమే. అలాంటప్పుడు బడిలోని ఔషధ వనమే ఆ రెంటినీ కలిపేస్తే ఎలా?

కాలువ గట్ల మీద రెండో గందరగోళం రావి, గంగరావి. రెండిటి ఆకూ హృదయాకారమే. రావి ఆకు చివర పొడుగ్గా తోకలా సాగుతుంది. తుంచితే తెల్లటి పాలు కారతాయి. కొమ్మ కొసన చిగురును కప్పి ఉండే పత్రపుచ్ఛాల (ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న రేకుల) తొడుగు రాలిపోయాక కణుపు చుట్టూ ఉంగరంలా మచ్చ మిగులుతుంది. పాలు, ఉంగరం మచ్చ, ఆకు మొదట్లో జంటగా అంటుకుని ఉండే చిన్న పండ్లు, ఈ మూడూ కలిస్తే మోరేసీలోని మర్రి, మేడి, రావి వర్గమే. పువ్వులు కనపడలేదని వెతకొద్దు, అవి ఆ పండు లోపలే ఉంటాయి. గంగరావి ఆకు తుంచితే తెల్లపాలు రావు. పువ్వు పసుపు, అడుగున ముదురెరుపు మచ్చ, వాడేటప్పటికి ఎర్రబారుతుంది. కేసరాలన్నీ ఒక గొట్టంగా కలిసి కీలాన్ని చుట్టుకుని ఉంటాయి. మందారలో, బెండలో, పత్తిలో చూసేదీ ఇదే గొట్టం. కుటుంబం మాల్వేసీ.

ఆకు సరళమా సంయుక్తమా అన్నచోట టీచర్లు కూడా తడబడతారు. మొగ్గ ఎక్కడుందో చూస్తే చాలు. ఆకు మొత్తం కొమ్మను కలిసేచోట, అంటే గ్రీవంలో, మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు. వేప రెమ్మను పట్టుకుని చూస్తే చిన్న ఆకుల దగ్గర ఏమీ ఉండదు, ఈనె మొదట్లో మాత్రమే మొగ్గ కనిపిస్తుంది. కనుక ఆ రెమ్మంతా ఒకే ఆకు. ఉసిరి చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ, చిన్న ఆకు ఒక్కొక్కదాని మొదట్లో పువ్వులు పూస్తాయి. వరి గట్ల మీది నేల ఉసిరిలో ఇది ఇంకా తేట. రెమ్మను తిరగేస్తే ఆకు ఆకుకూ కింద ఆవగింజల్లా కాయలు బారులు తీరి ఉంటాయి. అంటే అది కొమ్మ, చిన్నవన్నీ సరళ పత్రాలు. ఈ ఒక్క పరీక్ష చేయకే ఉసిరిని చింత సరసన చేర్చేవాళ్లున్నారు.

సామాగ్రి పెద్దగా అక్కర్లేదు. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, షేవింగ్ బ్లేడు, గుండుసూది చాలు. ముందు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా చూడాలి. తరువాత పత్రపుచ్ఛాలు. ఇవి ముదురు ఆకుల దగ్గర రాలిపోయి ఉంటాయి, లేత చిగురు దగ్గరే వెతకాలి. తరువాత ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూడాలి. నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకుల్లో సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి, అవి రూటేసీ నూనె గ్రంథులు. జామ, నేరేడు ఆకుల్లోనూ చుక్కలుంటాయి గానీ అక్కడ ఆకులు ఎదురెదురు, పైగా పక్క ఈనెలన్నిటినీ కలుపుతూ అంచు వెంబడి మరో ఈనె పోతుంది. అది మిర్టేసీ.

పాలు చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. వాడిన ఆకు, మండు వేసవిలో ముదురాకు పాలు ఇవ్వకపోవచ్చు. ఉదయం పూట లేత కాడ తుంచి చూడాలి. ఒకసారి రాలేదని పాలు లేవని తేల్చేయొద్దు. రెండోది, జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. కోరంగి మడ అడవుల్లోని తిల్ల చెట్టు పాలు మరీ ప్రమాదం, కొంతసేపు చూపు పోవచ్చు. అక్కడ పిల్లల చేత ఆకు తుంచించే పని పెట్టుకోవద్దు.

పువ్వు దగ్గర పూరేకుల రంగు చూసి ఆగిపోతారు. చూడవలసింది కేసరాలు, అండాశయం. ఉగాది పచ్చడికి తెచ్చిన వేపపువ్వుల్లో ఒకటి పక్కన పెట్టి భూతద్దం కింద చూడండి. అయిదు తెల్లటి రేకులు, నడుమ తెల్లటి చిన్న గొట్టం, దాని మూతి లోపలి అంచున పది పరాగకోశాలు. మీలియేసీ గుర్తు అదే. తురక వేపలో ఆ గొట్టం ఊదా రంగు, ఆకు మరింత చీలి ఉంటుంది, దాని పండ్లు విషం. అండాశయం ఎక్కడుందో కాయే చెబుతుంది. జామకాయ తలమీద ఎండిన రక్షక పత్రాలు మిగిలాయంటే అవి పైన ఉండి, అండాశయం కిందున్నట్టు. వంకాయకు తొడిమ దగ్గర టోపీ ఉంది గనుక అక్కడ అండాశయం పైది. దొండ, గుమ్మడి ఆడపువ్వుల కింద పిందె ముందే కనిపిస్తుంది, మగపువ్వు కింద ఉండదు. ఒక్క మగపువ్వు కోసుకొచ్చి 'అండాశయం లేదు' అని రికార్డులో రాసే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇదంతా బడిపిల్లల వ్యవహారమనుకోవద్దు. వరి చేలో ఊదనూ తుంగనూ కలిపి 'గడ్డి' అనేసి మందు తెస్తే డబ్బు దండగ. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి, లోపల గుల్ల ఉండదు, ఆకులు మూడు వరసలు. అది సైపరేసీ. ఊద పోయేసీ, వరికి దాయాది. కాడ గుండ్రం, ఆకులు రెండు వరసలు. నారుమడిలో వరినీ ఊదనూ విడదీయాలంటే ఆకు కాడను కలిసే మెడ దగ్గర చూడాలి. వరికి అక్కడ పొరలాంటి నాలుక, కొడవలి వంపు చెవులు ఉంటాయి. ఊదకు రెండూ ఉండవు. 2,4-డి అనే కలుపుమందు వెడల్పాటి ఆకుల కలుపును, కొన్ని తుంగలను చంపుతుంది గానీ ఊదను ముట్టదు. కుటుంబం తెలియకుండా కొట్టిన మందు పనిచేయలేదని దుకాణదారుతో తగువు పడి లాభం లేదు.

కోరంగికి విహారానికి తీసుకెళ్లే టీచర్లకూ ఒక మాట. మడ అంటే ఒక చెట్టు కాదు. తెల్లమడకు ఎదురెదురు ఆకులు, ఆకు అడుగు బూడిద తెలుపు, బురదలోంచి పెన్సిళ్లలా లేచే వేళ్లు. ఉప్పుపొన్నకు ఊతకర్రల్లాంటి వేళ్లు, చెట్టు మీదే మొలకెత్తి కిందికి వేలాడే పొడవాటి మొలక. తిల్లకు ఆకులు ఒకటి విడిచి ఒకటి, పాలు, మూడు తమ్మెల కాయ. అకాంథేసీ, రైజోఫోరేసీ, యుఫోర్బియేసీ అని మూడు కుటుంబాలు ఒకే బురదలో నిలబడి ఉంటాయి. 1793లో కలకత్తా వెళ్లకముందు వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి ఈ ప్రాంతపు మొక్కల బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో కొమ్మతో పాటు పువ్వు భాగాలు, కాయ కోత కూడా విడిగా కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ల తరువాత మనం ఆకు ఫొటో ఒక్కటి తీసి ఊరుకుంటున్నాం. యాప్‌ను పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. పువ్వు దగ్గరగా తీసి ఇస్తే బాగానే దారి చూపుతుంది. పైనుంచి తీసిన ఆకు ఫొటోలో మాత్రం పాలు, వాసన, మొగ్గ, అడుగుభాగం ఏవీ ఉండవు.

పాత పుస్తకాల నుంచి కుటుంబం పేరు ఎత్తి రాసేవాళ్లు ఒకసారి సరిచూసుకోవాలి. జిల్లేడు ఇప్పుడు గన్నేరు కుటుంబమైన అపోసైనేసీలో ఉంది. టేకు తులసి కుటుంబం లామియేసీలోకి వచ్చింది. ఉసిరి ఫిల్లాంథేసీ. లిలియేసీ కింద చదువుకున్న ఉల్లి అమరిల్లిడేసీకి, శతావరి ఆస్పరాగేసీకి వెళ్లిపోయాయి.

విద్యాశాఖ, మున్సిపాలిటీ అధికారులకు మా విన్నపం ఇది. ముందు అట్టముక్క మీద తాత్కాలికంగా పేరు రాసి, పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టండి. పూత ఒకసారి, కాయ ఒకసారి చూశాకే రేకు పలక చేయించండి. ఏడాది పట్టినా పరవాలేదు. పూత, కాయ ఉన్న కొమ్మను పాత న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టి ఆరబెట్టి బడిలో దాచండి. మన వానాకాలపు చెమ్మకు బూజు పడుతుంది కాబట్టి మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. పువ్వు రంగు, చోటు, తేదీ ఆరోజే రాయాలి, ఎండాక రంగు నిలవదు. దగ్గరి డిగ్రీ కాలేజీ బోటనీ శాఖకు ఆ షీట్లు చూపిస్తే తప్పులు అక్కడే తేలతాయి. బడి ఆవరణలో పచ్చగన్నేరు ఉంటే పలక మీద 'విషం' అని ఎర్రగా రాయించండి. దాని గింజ గుండెను దెబ్బతీస్తుంది. పలకలను మాను మీద మేకులతో కొట్టవద్దు, తీగ బిగించి కట్టవద్దు. మాను లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోతుంది. పక్కన ఇనప కడ్డీ పాతి దానికి బిగిస్తే, రేపు పేరు తప్పని తేలినా పలక మార్చడం తేలిక.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకులు కొందరు,
కోనసీమ