లీడర్ తమ్ముని ఇసుక ట్రాక్టర్ల మీద నల్లగొండ కలెక్టర్ గారికి

నమస్కారం సార్. మాది మూసీ ఒడ్డు ఊరు, రెండెకరాల వరి, ఒక్కటే బోరు. రాత్రి పదకొండు దాటినంక మా పొలం పక్క బాటల లైట్లు బంద్ చేస్కొని ఇసుక ట్రాక్టర్లు పోతుంటయ్, పొద్దున పోయి చూస్తే బాట పొడుగూత తడి ఇసుక, టైరు కింద పడి పగిలిన నా పైపు. ఎవరివంటే ఫలానా లీడర్ తమ్మునివి అంటరు, ఇగ ఆ మాట ఇన్నంక ఎవ్వరు నోరు తెరవరు. మొన్న ఆపితే డ్రైవర్ పిలగాడు "అన్నకు ఫోన్ కలపాల్నా" అన్నడు.

ఆ లీడర్‌కు తెల్వదేమో సార్, నేను ఆయనకే ఓటేసిన. తెల్వకున్నా మచ్చ ఆయనకే గదా. అమెరికాల జిమ్మీ కార్టర్ ప్రెసిడెంట్‌గ ఉన్నప్పుడు ఆయన తమ్ముడు బిల్లీ లిబియా సర్కార్ దగ్గర 2,20,000 డాలర్లు తీస్కున్నడు, అది అప్పు అన్నడు, 1980 సంవత్సరంల సెనేట్ ఎంక్వైరీ పడ్డది, ప్రెసిడెంటే జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. ఆ ఏడు నవంబర్ల కార్టర్ ఓడిండు గూడ (దానికి ఇరాన్‌ల బందీలు, పెరిగిన ధరలు, వేరే కారణాలు శానా ఉన్నయ్). ఆడ ప్రెసిడెంట్ తమ్ముణ్ని కూసోబెట్టి అడిగిన్రు సార్, ఈడ నా దరఖాస్తు గూడ తీస్కుంటలేరు.

నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది. ఇసుక పోతే ఊట పోతది, నా బోరు ఇప్పటికే ఆగి ఆగి పోస్తున్నది. ఒక్క రాత్రి మీ మనుషుల్ని పంపుండ్రి, బాట నేను చూపిస్త.