అరకు ప్రయాణానికి సంచి సర్దడం గురించి – ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల అరకు ప్రయాణం డిసెంబరు రెండో వారానికి ఖాయమైంది. గురువారం రాత్రి రాజమండ్రిలో రైలెక్కి, తెల్లవారాక విశాఖపట్నంలో కిరండూల్ ప్యాసింజరు పట్టుకుంటాం. రెండు రాత్రులు అరకులో ఉంటాం. ఆదివారం బస్సులో ఘాట్ రోడ్డు దిగుతూ, బొర్రా గుహలు చూసుకుని, విశాఖ మీదుగా ఇంటికి చేరతాం. ఈ కబురు తెలిసిన దగ్గర్నుంచి ఆఫీసుకి ఫోన్ చేసినవాళ్లంతా దాదాపు ఒకటే అడుగుతున్నారు: "మేడం, ఏమేం పెట్టి పంపాలి?" అందుకే ఈ నెల లేఖంతా దాని గురించే రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. సంచి పిల్లలే సర్దుకోవాలి. మీరు పక్కన కూర్చోండి, జాబితా చదివి వినిపించండి, మర్చిపోయినవి గుర్తుచేయండి. కానీ మడతపెట్టడం, లోపల పెట్టడం, జిప్పు వేయడం వాళ్ల చేతులతోనే జరగాలి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, పోయిన ఏడాది చలికాలం ట్రిప్పులో తెల్లవారుజామున ఒక బాబు చాప మీద ముడుచుకుని కూర్చున్నాడు. మెడ చుట్టూ తడి ఆరని తువ్వాలు చుట్టుకున్నాడు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "స్వెటర్ తెచ్చుకోలేదా నాన్నా?" అంటే "అమ్మ పెట్టలేదండి" అన్నాడు. మా టీచరు అతని సంచిని చాప మీద బోర్లించారు. జంతికల డబ్బా, ఇస్త్రీ చొక్కాలు, రెండు జీన్స్ ప్యాంట్లు, అన్నిటికీ అడుగున నల్ల కవర్లో చుట్టిన రెండు స్వెటర్లు, మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు బయటపడ్డాయి. ఆ తల్లి ఒక్కటి కూడా మర్చిపోలేదు. కొడుకు నిద్రపోయాక అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రేమగా సర్దింది. కానీ ఏది ఎక్కడ ఉందో ఆ పిల్లవాడికి తెలియదు. రాత్రంతా స్వెటర్లు పక్కనే పెట్టుకుని చలికి వణికాడు. పిల్లలు తాము సర్దుకున్న వస్తువునే వెతుక్కుంటారు, వాడుకుంటారు, తిరిగి ఇంటికి తెచ్చుకుంటారు. ట్రిప్పు అయ్యాక మా దగ్గర పోగుపడే దిక్కులేని తువ్వాళ్లు, సీసాలు చాలావరకు పెద్దవాళ్లు సర్దిన సంచుల్లోవే.

ఇక బరువు. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ల శరీర బరువులో పదో వంతు దాటకూడదు. మేం ప్రయాణానికి కూడా అదే లెక్క పాటిస్తాం. 40 కిలోల పిల్లకి 4 కిలోల సంచి. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే ఒకసారి ఊరికే, ఒకసారి సంచి తగిలించుకుని ఎక్కితే తేడా తెలిసిపోతుంది. చక్రాల సూట్‌కేసు వద్దు. స్టేషన్‌లో ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కేటప్పుడు అది పిల్ల చేతికి భారం, వెనకాల వచ్చేవాళ్లకి ప్రమాదం. రెండు భుజాలకీ తగిలించుకునే బ్యాగు చాలు, స్కూలుకి తెచ్చేదైనా సరే.

ఊరు ఏదైనా, నాగార్జునకొండకి లాంచీలో వెళ్లినా, కొల్లేటికి కొంగలు చూడ్డానికి పోయినా, మన పిల్లల దగ్గర తప్పకుండా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. లీటరు నీళ్లు పట్టే సీసా, టోపీ, చిన్న తువ్వాలు, చిన్న టార్చి, రెండు ఖాళీ కవర్లు, వాళ్లు రోజూ వేసుకునే మందులు, జేబులో వివరాల చీటీ. అంతే. మిగతావన్నీ వెళ్లే చోటుని బట్టీ, కాలాన్ని బట్టీ మారతాయి. ఖాళీ కవర్లు ఎందుకని అడుగుతారు. ఒకటి తడి బట్టలకి, రెండోది బస్సులో కడుపు తిప్పితే చేతికందడానికి.

వివరాల చీటీ గురించి ఇంకో మాట. పిల్ల పేరు, తరగతి, బ్లడ్ గ్రూపు, పడని మందులు, పడని తిండి, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాయించండి. ఒకటి జేబులో, ఒకటి సంచి లోపలి అరలో ఉండాలి. దాంతోపాటు అమ్మ నంబరో నాన్న నంబరో నోటికి వచ్చేలా చేయండి. పోయిన నెల తరగతుల్లో అడిగితే చాలామంది పిల్లలు చెప్పలేకపోయారు. నంబర్లన్నీ ఫోన్లోనే ఉంటున్నాయి మరి. స్టేషన్ జనంలో ఒక్క నిమిషం వెనకబడిన పిల్లకి ఆ పది అంకెలు ఎంత ధైర్యమిస్తాయో ఆలోచించండి. 112, పిల్లల సహాయానికి 1098, రైల్లో అయితే 139 – ఈ మూడూ కూడా చీటీ వెనక రాయించండి.

ఇప్పుడు అరకు చలి సంగతి. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకి ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు రాత్రిపూట కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది. అందుకే డిసెంబరులో తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకి పడిపోవడం అక్కడ మామూలే. మధ్యాహ్నం మాత్రం ఎండ చురుక్కుమంటుంది. కాబట్టి ఒక మందపాటి జాకెట్ కన్నా, లోపల బనీను, దాని మీద ఫుల్ చేతుల చొక్కా, ఆ పైన మామూలు స్వెటర్ మేలు. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్కటి తీసి సంచిలో వేసుకోవచ్చు. చెవులు కప్పే మంకీ క్యాపో మఫ్లరో, రాత్రికి వేరేగా ఒక పొడి సాక్సుల జత ఉండాలి. రగ్గులు అక్కడ ఇస్తారు. పల్చటి దుప్పటి ఒకటి తెచ్చుకుంటే పిల్లలకి ఇంటి వాసనతో నిద్ర బాగా పడుతుంది.

దయచేసి జీన్స్ ఎక్కువ పెట్టకండి. బరువు, పైగా ఒకసారి తడిస్తే ఆ మంచులో రెండు రోజులైనా ఆరవు. రెండు జతల మామూలు ప్యాంట్లు, రాత్రికి ఒక జత, లోదుస్తులు మాత్రం రోజుకి ఒకటి చొప్పున, పైన ఇంకొకటి. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా పాత సమస్య. చలికాలం దోమలు తగ్గినా పూర్తిగా పోవు. సాయంత్రం నుంచి ఫుల్ చేతులు, ఫుల్ ప్యాంటు, బట్ట కప్పని చర్మానికి ఓడోమాస్ తప్పనిసరి.

బూట్ల విషయంలో నేను రాజీ పడను. బొర్రా గుహలు సున్నపురాయి గుహలు. పైనుంచి చుక్కచుక్కగా కారే నీళ్లే వేల ఏళ్లుగా సున్నం పేరుస్తూ ఆ ఆకారాలు తయారుచేశాయి, ఆ నీళ్లే మెట్లని ఎప్పుడూ తడిగా ఉంచుతాయి. అరకు దగ్గరి చాపరాయిలో కూడా వాగు నీళ్లు నున్నటి బండ మీదుగా పారతాయి, నాచు పట్టి ఉంటుంది. హవాయి చెప్పులు, అరిగిపోయిన అడుగున్న బూట్లు అక్కడ పనికిరావు. బూటు తిరగేసి చూడండి. అడుగున గాడులు బొటనవేలికి తగలకపోతే అవి వద్దు. మంచి పట్టు ఉన్న స్కూలు పీటీ బూట్లు చాలు. కొత్తవి కొన్నా కనీసం వారం ముందు నుంచి వేయించండి, లేకపోతే మొదటి రోజే మడమలు బొబ్బలెక్కుతాయి. గదిలో తిరగడానికి చెప్పులు విడిగా ఉండాలి. గుహలో దీపాలున్నా కరెంటు పోతే కటిక చీకటే, టార్చి అందుకే. ఇంకొకటి పిల్లలతో ముందే చెప్పి పంపండి: ఆ రాళ్లని ముట్టుకోకూడదు. మన చేతుల జిడ్డు అంటిన చోట సున్నం పేరుకోదు, అక్కడితో ఆ రాయి పెరగడం ఆగిపోతుంది.

ఆదివారం ఘాట్ రోడ్డు మలుపుల్లో కొందరికి వాంతులు ఖాయం. మీ పిల్లకి ఆ అలవాటు ఉంటే అనుమతి పత్రంలో రాయండి, సిగ్గుపడాల్సిన పని లేదు. వాళ్లని ముందు సీట్లలో కూర్చోబెడతాం. మాత్ర వేయాలా, ఎంత వేయాలా అన్నది మీ డాక్టరుని అడిగి రాసి పంపండి. ఆ మాత్ర బస్సు కదిలే ముందే పడాలి, వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు. ఆ రోజు పొద్దున పూరీ కాదు, ఇడ్లీయే పెడతాం.

మందులన్నీ వాటి స్ట్రిప్పుల్లోనే ఉండాలి. కాగితం పొట్లాల్లో విడి మాత్రలు పంపితే అవేమిటో మాకు తెలియదు, వేయలేం. పేరు, మోతాదు, వేళ రాసిన కవర్లో పెట్టి క్లాస్ టీచరుకి ఇవ్వండి. ఆస్తమా ఇన్‌హేలర్ మాత్రం పిల్ల దగ్గరే, అందే జేబులో ఉండాలి. జ్వరం మాత్రలు, బ్యాండేజీలు, ఓఆర్ఎస్ మేమే తెస్తాం. ఓఆర్ఎస్ గురించి ఇంట్లో కూడా గుర్తుంచుకోండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, కలిపింది 24 గంటల్లో వాడాలి. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే పళ్ల రసాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడొద్దని ఆదేశించింది.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. తేదీ కాకపోయినా ప్యాడ్లు, పాత న్యూస్‌పేపరు, ముదురు రంగు కవరు ఒక చిన్న సంచిలో పెట్టుకోమనండి. ప్రయాణంలో తేదీలు తప్పడం మామూలు. మా మేడమ్‌ల దగ్గర కూడా ఉంటాయి, మొహమాటం లేకుండా అడగమని చెప్పండి.

తిండి గురించి మీరు పడే బెంగ నాకు తెలుసు. శుక్రవారం ఉదయం రైల్లో తినడానికి ఒక్క డబ్బా పులిహోర ఇవ్వండి, చింతపండు ఉంది కాబట్టి రాత్రంతా నిలుస్తుంది. పళ్లెంలో పరిచి బాగా ఆరాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే చెమట పట్టి పాచిపోతుంది. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి వద్దు. చిరుతిండికి జంతికలో, సున్నుండలో, వేరుశనగ ఉండలో చిన్న డబ్బా చాలు. మిగతా పూటలన్నీ మేం చూసుకుంటాం.

డబ్బు 500 రూపాయలు మించకుండా, పదులు, యాభైలు, వందల్లో ఇవ్వండి. కొండ మీద అన్ని చోట్లా సిగ్నల్ ఉండదు, చిల్లర దొరకదు. బంగారం ఇంట్లోనే ఉంచండి, గొలుసైనా, కమ్మలైనా. ఫోన్లు కూడా ఇంట్లోనే. రోజూ సాయంత్రం ఏడు గంటలకి క్లాస్ గ్రూపులో ఫొటోలు, కబురు పెడతాం. కొంచెం ఆలస్యమైతే సిగ్నల్ లేదనుకోండి, టెన్షన్ పడకండి. ఫోనుకి బదులు చిన్న నోటుబుక్కు, పెన్సిలు పెట్టించండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి వేసిన ఈ కొత్తవలస-కిరండూల్ లైను మీద 58 సొరంగాలున్నాయి. అరకు వచ్చేలోపు ఎన్ని దాటామో ప్రతి పిల్లా లెక్క రాయాలి. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ లైన్లన్నిటిలో ఎత్తైన స్టేషన్‌గా పేరున్న శిమిలిగూడ కూడా దారిలోనే వస్తుంది, 996 మీటర్లు. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి బయట పెట్టకుండా ఆ లెక్కలో పడితే మాకూ నిశ్చింత.

చివరగా, ఈ జాబితా చూసి ఎవరూ బజారుకి పరుగెత్తకండి. అన్నయ్య స్వెటర్, పక్కింటివాళ్ల టార్చి, పోయిన ఏడాది టోపీ అన్నీ పనికొస్తాయి. స్వెటరో, బూట్లో లేవని ఒక్క పిల్ల కూడా ఈ ట్రిప్పు మానకూడదు. స్కూల్లో శుభ్రంగా ఉతికి ఉంచిన స్వెటర్లు, బూట్లు కొన్ని ఉన్నాయి. క్లాస్ టీచరుతోనో నాతోనో ఒక్క మాట చెప్పండి, మిగతా పిల్లలకి తెలియకుండా సంచిలో చేరతాయి.

బయలుదేరే ముందు ఆదివారం సాయంత్రం పిల్లల చేత ఒకసారి సర్దించి, మళ్లీ విప్పించండి. బుధవారం మధ్యాహ్నం మూడింటికి తరగతిలో సంచుల పరిశీలన ఉంటుంది. టీచరు "టార్చి ఎక్కడుంది?" అని అడిగితే సంచి మొత్తం బోర్లించకుండా చెయ్యి పెట్టి తీయగలగాలి, అదే పరీక్ష. అనుమతి పత్రం మీద తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం, ఆరోగ్య వివరాలు, డాక్టరు చీటీ ఉంటే దాని నకలు ఆ రోజుకల్లా అందాలి. ఏదైనా అడగాలంటే పనిదినాల్లో సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు ఆఫీసులోనే ఉంటాను, రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు