అమ్మకు చదివి వినిపించు నాన్నా

నాన్నా,

ఇక్కడ ఇంగ్లండులో నేను బాగానే ఉన్నాను. ఆఫీసు ఎప్పటిలాగే, జీతం పెరగలేదు, పని పెరిగింది. అవ్వ మోకాలికి కొత్త నూనె పనిచేస్తోందా? తమ్ముడు మారతహళ్లి బ్రిడ్జి మీద హెల్మెట్ లేకుండా బండి తోలితే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, నేను ఆదివారం పారాచూట్ కట్టుకుని గ్లైడర్, అదే ఇంజన్ లేని విమానం, ఎక్కితే మాత్రం అమ్మ పది రోజులు మౌనవ్రతం పడుతుంది.

గ్లైడర్ గిరగిరా తిరుగుతూ కిందికి దిగే స్పిన్ నేర్చుకుంటున్న వీడియో తమ్ముడికి పంపబోయి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను, నాదే తప్పు. "ఇంజన్ లేకపోవడం చాలదని గిరగిరా తిప్పడం కూడానా" అందట అమ్మ. ఫోన్లో చెబితే మధ్యలోనే పెట్టేస్తుంది, అందుకే రాస్తున్నాను. నువ్వు చదివి వినిపించు, ఫ్యాక్టరీ భాష కలపకుండా.

అమ్మా, మన వీధి చివర మహాగని చెట్టు కింద రెక్కల గింజలు ఏరుకొచ్చి మేడ మీంచి వదిలేదాన్ని, గిర్రున తిరుగుతూ దిగేవి, గుర్తుందా? స్పిన్ కొంచెం అలాంటిదే. ముక్కు మరీ పైకెత్తి వేగం పోగొట్టుకుంటే రెక్కలకు గాలి పట్టు తప్పుతుంది, దాన్ని స్టాల్ అంటారు. అదే సమయంలో విమానం పక్కకు కూడా తిరుగుతుంటే ఒక రెక్క ఎక్కువ పట్టు తప్పి వాలిపోతుంది, ఇక తిరుగుడు ఆగదు. వాలిన రెక్కను లేపుదామని స్టిక్, అంటే విమానాన్ని నడిపే కర్ర, అవతలి పక్కకు వంచితే ఇంకా ముదురుతుంది. నేల కనబడి భయంతో వెనక్కి లాగితే అసలు వదలదు. ప్రాణభయంలో చెయ్యి తనకు తోచినట్టు చేసేదంతా తప్పే, అందుకే ముందే నేర్పిస్తారు.

పోయిన ఆదివారం 3,500 అడుగుల ఎత్తులో, వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్. ముక్కు ఎత్తుతూ పోతే గాలి హోరు తగ్గిపోయింది, స్టిక్ పెరుగులో గరిటె తిప్పినట్టు మెత్తబడింది, పక్కకు జారుతున్నామని చూపడానికి ఎదుటి అద్దానికి అతికించిన ఎర్ర నూలుపోగు పక్కకు ఒరిగింది. చటుక్కున కుడి రెక్క పడిపోయింది. కింద ఒక పెంకుల కొట్టం ముక్కు ముందు నుంచి ఒకసారి పోయింది, మళ్లీ పోయింది. ఎడమ పెడల్ చివరిదాకా తొక్కాను. ఆ తర్వాత స్టిక్ ముందుకు తొయ్యాలి, అంటే నేల వైపుకే! చెయ్యి ఒప్పుకోలేదు నాన్నా. తోశాను. తిరగడం ఆగిపోయింది. పెడల్ సమం చేసి మెల్లగా పైకి లేపేసరికి 700 అడుగులు ఖర్చయ్యాయి, తొక్కిన కాలు దిగాక కూడా వణుకుతూనే ఉంది. ఈ వణుకు సంగతి అమ్మకు చదవకు.

మేం దిగేటప్పుడు చివరి మలుపు 300, 400 అడుగుల్లో తిప్పుతాం. అక్కడ స్పిన్‌లో పడితే బయటికి రావడం వచ్చినా ఎత్తు చాలదు. కాబట్టి నేను నిజంగా నేర్చుకున్నది ఆ హోరు తగ్గడం, ఆ పోగు ఒరగడం. ఇప్పుడు మలుపులో చప్పుడు కాస్త మారితే చాలు, చెయ్యి తనంతట తనే ముందుకు పోతోంది.

ఈ శిక్షణలోనే ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి, దాచను. అమెరికాలో మామూలు పైలట్లు స్పిన్ నేర్చుకు తీరాలన్న నియమాన్ని 1949లోనే తీసేశారు, ఇప్పుడక్కడ ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలంటేనే తప్పనిసరి. ఇంగ్లండులో గ్లైడర్ వాళ్లకు ఒంటరిగా పంపేముందే నేర్పుతారు. నాకిదే నయం అనిపిస్తోంది. ఇక్కడే 1912లో పార్క్ అనే నేవీ లెఫ్టినెంట్ స్పిన్‌లో చిక్కుకుని, అన్నీ ప్రయత్నించి, చివరికి రడ్డర్, అంటే పెడల్‌తో కదిలే తోక పలక, ఎదురు తిప్పి నేలకు బాగా దగ్గరగా వచ్చాక బతికి బయటపడ్డాడు. ఆయనకు చెప్పేవాళ్లు లేరు. నాకు వెనక సీట్లో మనిషి ఉన్నాడు.

అయినా నువ్వేంటి, అమ్మ పక్కన చేరి తలూపుతున్నావట? మీ హెచ్‌ఏఎల్ శిక్షణ జెట్ సితార 2003లో ఎగిరినా స్పిన్ దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిందని, నిలువు తోకను వెనక్కి జరిపాక 2022కి ఆరు చుట్ల స్పిన్ నుంచి బయటికి తెచ్చారని పేపరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది నువ్వు కాదా? స్పిన్ చెయ్యలేని ట్రైనర్ దేనికి అన్నదీ నువ్వే.

ఉసిరికాయ పచ్చడి అయిపోయింది, వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపండి. బీపీ మాత్ర రాత్రి కాదు, పొద్దున వేసుకోమన్నారు డాక్టరు.

ఎడమ వైపు స్పిన్ ఇంకా మిగిలింది, వచ్చే ఆదివారం. దిగగానే ఫోన్ చేస్తాను. అమ్మ మాట్లాడకపోయినా పక్కనే కూర్చుని ఉంటుంది, స్పీకర్ పెట్టు.

నీ కూతురు