10 శాతం వైకల్యమున్నా దరఖాస్తు చేయవచ్చు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా సైన్యంలో గాయపడి బయటికొచ్చిన తెలుగు యువకులు కొందరు అక్కడి మాజీ సైనికుల శాఖ నడిపే ‘చాప్టర్ 31’ ఉపాధి పునరావాస పథకం తమకు వర్తించదనుకుని ఊరుకోవడం బాధాకరం. సైనిక సేవ వల్ల కలిగిన వైకల్యం కనీసం 10 శాతమని శాఖ నిర్ధారించినవారు, అగౌరవకరంగా తొలగింపునకు గురికాకపోతే, దరఖాస్తు చేయవచ్చు. అయితే ఆ వైకల్యం ఉద్యోగానికి అడ్డంకిగా ఉందని కౌన్సెలర్ తేల్చాలి, 10 శాతమే ఉన్నవారికి ఆ అడ్డంకి తీవ్రమైనదై ఉండాలి. ఈ పథకాన్ని వాడుకోవడానికి ఉన్న 12 ఏళ్ల గడువు 2013 జనవరి 1కి ముందు సైన్యం నుంచి విడుదలైనవారికే. మా తమ్ముడి కొడుకు 2013 మార్చిలో విడుదలయ్యాడు. మోకాలికి పట్టీ బిగించుకుని గోదాములో పెట్టెలు మోస్తూ, లేని గడువు దాటిపోయిందనుకుని నెలల తరబడి దరఖాస్తే పెట్టలేదు. ఈ నిబంధనలను మీ ప్రవాస పేజీలో వివరంగా ప్రచురించాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకుడు, డాలస్