2024–25 వార్షిక నివేదిక: ఎడమకాలి పోటీ పెట్టిన ఏడాది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన విశాఖపట్నం ఫుట్‌బాల్ అభిమానుల సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే. సంఘం పెట్టిన రోజున సొంత డబ్బుతో మొదటి బంతి కొనిచ్చిన పెద్దాయన ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లారు. వారి కుటుంబానికి సంఘం తరఫున సానుభూతి తెలుపుతున్నాను. ఆ బంతి ఇంకా మన బీరువాలోనే ఉంది. గాలి నిలవదు, అయినా పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

జూన్ 6న భారత ఫుట్‌బాల్ కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు దేశానికి 151 మ్యాచ్‌లు ఆడి, 94 గోల్స్ కొట్టి సెలవు తీసుకుంటున్నాడంటే అందరం ఒకచోట కూర్చుని చూడాలనిపించింది. అల్లిపురంలో హాలు తీసుకుని ప్రొజెక్టర్ పెట్టాం. ఎన్నికల ఫలితాలు వచ్చి రెండు రోజులే అయింది, ఊరంతా అదే మాట. కుర్చీలు సగం ఖాళీ. కోల్‌కతాలో కువైట్‌తో ఆ మ్యాచ్ ఒక్క గోల్ కూడా లేకుండా ముగిసింది. ఛెత్రీ కళ్లు తుడుచుకుంటూ మైదానం దాటుతుంటే వెనక వరసలో మన సీనియర్ సభ్యులొకరు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి మిగతావాళ్లమూ లేచాం. తర్వాత 2025 మార్చిలో ఛెత్రీ మళ్లీ వచ్చాడు. షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3–0తో గెలిచాం, అందులో ఒక గోల్ ఆయనదే. 2023 నవంబర్ తర్వాత మన జట్టుకు అదే మొదటి గెలుపు. నలభై ఏళ్ల మనిషి వెనక్కి వచ్చి గోల్ కొడితే తప్ప గెలవలేకపోవడం నాకు సంతోషం కన్నా దిగులే ఎక్కువ కలిగించింది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పని ఎడమకాలి పోటీ.

ఇది మన సొంత ఆలోచన కాదు. హైదరాబాద్‌లో స్కూలు మాస్టారుగా పనిచేసి, తర్వాత భారత జట్టుకు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిది. రెండు కాళ్లూ సమానంగా ఆడాలని ఆయన కుర్రాళ్లకు బలం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తడుతూ ముందుకు తీసుకెళ్లడం, చేయకూడదనే పోటీలు కూడా పెట్టేవారు. ఆయన చేతిలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చాయి.

1962 ఆసియా క్రీడల ఫైనల్ జరిగిన సెప్టెంబర్ 4కి దగ్గరలో ఒక ఆదివారం పెట్టుకుందామనుకున్నాం. మొదట వానలు, తర్వాత వినాయక చవితి. చివరికి 15న కుదిరింది. మైదానం అనుమతి కోసం ఒక కార్యాలయానికి తొమ్మిదిసార్లు తిరిగాను. ఒకరోజు సంతకం పెట్టేవారు సెలవు, ఇంకోరోజు ఫైలు వేరే సెక్షన్‌లో. పిల్లలు రెండు గంటలు బంతి ఆడుకోవడానికి ఇన్ని సంతకాలా? ఆఖరుకి జ్ఞానాపురంలో ఒక పాఠశాల వారు అడిగిన రోజునే తమ మైదానం ఇచ్చారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఆ రోజు కుడికాలి వాటం పిల్లలందరి కుడి మడమకు ఎర్ర రిబ్బన్ కట్టాం. ఆ కాలు తగిలితే ఫౌల్. ఎడమకాలి వాటం వాళ్లు ముగ్గురే, వాళ్లకు ఎడమ మడమకు కట్టాం. మొదటి పావుగంట బంతి కన్నా పిల్లలే ఎక్కువసార్లు కింద పడ్డారు. తర్వాత మెల్లగా కాళ్లు కుదిరాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి గోల్ ముందు రెండుసార్లు గాల్లోకి తన్నింది. మూడోసారి బంతి ఆమె ఎడమ పిక్కకు తగిలి, నీటిగుంటలోంచి మెల్లగా దొర్లి గీత దాటింది. గోల్ కొట్టానని ఆ పిల్లకే కాసేపు తెలియలేదు.

సెమీఫైనల్ మధ్యలో వాన దంచింది. అందరం వరండాలోకి పరుగెత్తాం. అక్కడే మన ఉపాధ్యక్షులు తడిసిన పిల్లల్ని కూర్చోబెట్టి 1962 ఆసియా క్రీడలు జరిగిన జకార్తా కథ చెప్పారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిపోవడం, థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడటం, అదే మనిషిని రహీమ్ గారు సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపడం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మన జట్టుకు వ్యతిరేకంగా అరుపులు. పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1తో స్వర్ణం. కెప్టెన్ చునీ గోస్వామి. "కుట్లున్న తలతో హెడ్డింగ్ ఎలా చేస్తారండీ?" అని ఒక బుడ్డోడు అడిగాడు. ఆ జట్టులో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్ మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లేనని చెబితే పిల్లలు నమ్మలేదు. రహీమ్ గారు అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ మాట చెప్పేటప్పుడు మా ఉపాధ్యక్షుల గొంతు పూడుకుపోయింది.

హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం కదా, వాళ్ల ఆటగాళ్ల సంగతి మనకెందుకని కార్యవర్గ సమావేశంలో ఒక సభ్యులు అడిగారు. 1965–66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు ఆంధ్రప్రదేశ్. ఆ పేరు మోస్తున్న మనం ఆ కథ చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఫిబ్రవరి 16న బలరామ్ గారి వర్ధంతి జరిపాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు మూడు గోల్స్ కొడితే, హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, రెండు ఆయనవే. జబ్బు చేసి ఇరవై ఏడేళ్లకే ఆట మానుకోవాల్సి వచ్చింది. అర్జున అవార్డుతోనే సరిపెట్టారు, పద్మ పురస్కారం రాకుండానే 2023లో పోయారు. ముఖ్య అతిథిగా వస్తామని మాట ఇచ్చిన అధికారి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. గంటన్నర ఎదురుచూసి, ఆయన కోసం తెచ్చిన దండను బలరామ్ గారి ఫొటోకే వేశాం. అదే సరైన చోటు.

అదే సభలో క్విజ్ పెట్టాం. 1950 ప్రపంచ కప్‌కు మనం ఎందుకు వెళ్లలేదంటే అందరూ ఒకటే జవాబు: బూట్లు లేకుండా ఆడనివ్వలేదని. అది కారణం కాదు. అప్పట్లో మన ఫెడరేషన్‌కు ఒలింపిక్స్ మీద ఉన్న శ్రద్ధ ప్రపంచ కప్ మీద లేదు. వాట్సాప్‌లో వచ్చిందల్లా పిల్లలకు పంపకండని సభ్యులను బతిమాలుతున్నాను.

జమాఖర్చులు కోశాధికారి గారు చివరి పేజీలో ఇచ్చారు. ఖర్చు రాబడిని కొంచెం దాటింది, లోటును ఇద్దరు సభ్యులు భరించారు. చందా బకాయిలున్నవారు ఈరోజే కట్టి వెళ్లండి.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. వానలోనూ విజిల్ వదలని రెఫరీ గారు, డెబ్భై మందికి ఉప్మా వండిన మన సభ్యుల ఇళ్లలోని ఆడవాళ్లు, ఊరికే టెంట్ వేసిన డాబాగార్డెన్స్ దుకాణం వారు, పాత పత్రికల కటింగ్‌లు ఇచ్చిన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి గారు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కానీ ఒక మాట చెప్పక తప్పదు. వాలంటీర్లుగా పేరు ఇచ్చినవారు ఇరవై ఇద్దరు. పొద్దున ఆరింటికి సున్నం గీతలు గీయడానికి వచ్చినవారు నలుగురు. వాట్సాప్ గ్రూపులో సరేనంటూ బొటనవేలు ఎత్తిన గుర్తులు మాత్రం ఇరవై రెండూ వచ్చాయి. రాలేకపోతే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి, వేరేవాళ్లను పిలుచుకుంటాం.

వచ్చే పోటీ సెప్టెంబర్ 7, ఆదివారం. ఈసారి వాన పడితే ఆడటానికి పైకప్పున్న చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వాలంటీర్ల కొత్త రిజిస్టర్ బయట బల్ల మీద ఉంది. ఆరింటికి రాగలిగినవారే అందులో పేరు రాయగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం