సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

మన హీరో అభిమాన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తున్నాను. రక్తదాన శిబిరాలు, విడుదల నాటి అన్నదానం ఎప్పటిలాగే జరిగాయి. మిగిలిన కాలమంతా కార్యవర్గం ఒకే పనికి వెచ్చించింది: మన వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో, ఎక్స్ ఖాతాల్లో ఆడవారిపై సాగుతున్న అసభ్య రాతలను అరికట్టడం.

ఈ పని చేపట్టాలన్న నిరుటి తీర్మానానికి కారణం సభ్యులు మరచిపోయి ఉండరు. “సెకండాఫ్ సాగదీశారు” అని ఒక అమ్మాయి రాసిన ఒక్క వాక్యానికి, తెల్లవారేసరికి ఆమె ప్రొఫైల్ ఫొటోను మార్ఫింగ్ చేసి ఊరంతా తిప్పిన వారు మన గ్రూపులోని వారే. ఆ అమ్మాయి కూడా మన హీరో అభిమానే. ఫ్యాన్ వార్ ఎక్కడ మొదలైనా చివరికి ఎవరో ఒక హీరో తల్లి మీదికో, భార్య మీదికో పోతుంది. కలెక్షన్ల లెక్కలతో ఆ తల్లికేమి సంబంధమో ఇంతవరకు నాకెవరూ చెప్పలేకపోయారు. నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ (వేరొకరి వీడియోకు ఆమె ముఖం అతికించిన నకిలీ వీడియో) కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసినది మన గుంటూరు జిల్లా యువకుడినే. ఆమె పేరిట అభిమాన పేజీ నడుపుతూ, ఫాలోవర్లను పెంచుకోవడానికే అతడు ఆ వీడియో చేశాడని పోలీసులు వెల్లడించారు. కనుక ఇదంతా అవతలి వర్గం పని అని తోసిపుచ్చే వీలు మనకు లేదు.

మార్చి 8న తెనాలిలో జరిపిన మహిళా అభిమానుల సమావేశం సంఘ చరిత్రలోనే చెప్పుకోదగినదని సగర్వంగా మనవి చేస్తున్నాను. మన హీరో పుట్టినరోజున ఎక్స్‌లో నడిపిన ట్రెండ్‌ను అర్ధరాత్రి దాకా మోసిన ఖాతాల్లో కొన్నింటిని, మనం ఇన్నాళ్లూ “అన్నా” అని పిలిచిన వాటిని, నడుపుతున్నది ఆడపిల్లలేనని ఆ రోజే తెలిసింది. మగపేరు, హీరో బొమ్మ పెట్టుకుంటే తప్ప ఇన్‌బాక్సులో నెమ్మది ఉండదని వారు చెప్పినప్పుడు ముందు వరుసలోని పెద్దలు తలలు వంచుకున్నారు. అక్కడే నియమాలు రాసుకున్నాం: అనుమతి లేనిదే ఏ స్త్రీ ఫొటోనూ పెట్టరాదు, ఇంటి ఆడవారిని వివాదంలోకి లాగరాదు, ఒకసారి హెచ్చరిక, రెండవసారి తొలగింపు, ఫిర్యాదులు మహిళా అడ్మిన్లకే వెళ్లాలి.

చట్టం గురించి వివరించిన న్యాయవాది సోదరికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతలకు శిక్ష విధించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టిస్తామని నేటికీ బెదిరించేవారు, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసిందని గమనించగలరు. అలాగని తప్పించుకోవచ్చని కాదు. ఆన్‌లైన్‌లో అశ్లీలం పెట్టేవారికి ఐటీ చట్టం 67వ సెక్షన్, స్త్రీల వెంటపడి వేధించేవారికి, మాటలతో చేష్టలతో వారిని కించపరిచేవారికి 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోని 78, 79 సెక్షన్లు ఉండనే ఉన్నాయి.

కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చిన దాతకు, మైకు సెట్టు సోదరులకు, భోజనాలు వడ్డించిన మహిళా సభ్యులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు ధన్యవాదాలు. ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చి, పూలదండ తెప్పించాక ఫోను ఎత్తని అధికారికి ఏమి చెప్పాలో సభ్యులే నిర్ణయించగలరు. బాధితురాలి వెంట ఫిర్యాదుకు వెళితే ఇది మా పరిధి కాదని ఒక చోటి నుంచి మరో చోటికి తిప్పిన తీరు కూడా నమోదు చేస్తున్నాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి వద్ద ఉన్నది, కావలసినవారు చూసుకోగలరు.

కటౌటు కట్టడానికి తాడు పట్టుకునే చేతులకు కొదవ లేదు గాని, రాత్రి పది దాటాక గ్రూపులు కనిపెట్టుకుని ఉంటామని చేతులెత్తిన యువకులలో అత్యధికులు రెండో వారానికే కనిపించలేదు. ఆ భారమంతా మహిళా అడ్మిన్ల మీదే పడింది. కొత్త ఏడాదికి ఆ బాధ్యత తీసుకోదలచిన పురుష సభ్యులు ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కటౌటు కమిటీకి పేర్లు ఇప్పటికే ఎక్కువయ్యాయి కనుక ఆ జాబితా మూసివేశాం.

ఇట్లు,
కార్యదర్శి